అడగకముందే వచ్చిన కోపం

అతని భార్యను చంపింది జబ్బు కాదు. ఒక మనిషి కోపం. తొమ్మిదేళ్లుగా డిటెక్టివ్ ఈ మాట అడిగినవాళ్లకూ చెప్పాడు, అడగనివాళ్లకూ చెప్పాడు. రుజువు చెయ్యాలని అతనికి ఏనాడూ తోచలేదు. నిప్పు కాలుతుందని ఎవరూ రుజువు చెయ్యరు.

ఆ మనిషి ఇప్పుడు అతని ఎదురుగానే ఉన్నాడు. పెద్ద డాక్టరు ఇంటి ముందుగదిలో, బల్ల మీద రెండు అరచేతులూ ఆన్చి నిలబడి ఉన్నాడు. అందరూ అతన్ని పిడుగు అంటారు. సమ్మె జరిగినా, ఎవరైనా ఎవరినైనా బంధించినా, అవతలివాళ్లతో మాట్లాడి దారికి తేవడం అతని ఉద్యోగం. అందుకు అతనికి తెలిసిన విద్య ఒక్కటే, అరవడం. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం.

"ఈయన్నెవరు పిలిచారు?" అన్నాడు పిడుగు.

"నేనే," అంది ఇన్‌స్పెక్టరు. ఆమె రెండు ఫోన్ల మధ్య నలిగిపోతోంది. "మూడు ఫోన్లొచ్చాయి. మనిషి మాత్రం రాలేదు. ఇంకో బుర్ర ఉంటే తప్పేంటండీ?"

"గడువు పెంచానా లేదా? ఎత్తుకుపోయినవాడు మొదట గంట అన్నాడు. ఒక్క కేక వేశాను, మూడు గంటలన్నాడు. ఇంకో కేక వేశాను, సాయంత్రమన్నాడు. మూడోసారి చీకటి పడేదాకా ఆగుతానన్నాడు. దడిచి చస్తున్నాడమ్మా వాడు. ఇంకో రెండు కేకలకి డాక్టర్ని గుమ్మంలో దింపి పోతాడు."

గోడ పక్కన నిలబడి చేతిలో రుమాలు మెలిపెడుతున్న అమ్మాయి వైపు డిటెక్టివ్ నడిచాడు. పెద్ద డాక్టరుకి కోడలు. డాక్టరు ఒకప్పుడు ఊరి ఆసుపత్రికి పెద్ద. ఈ మధ్యనే పదవి దిగాడు. పొద్దున్నించీ కనిపించడం లేదు.

"మీరు ఎప్పుడు బయటికెళ్లారమ్మా?"

"ఎనిమిదిన్నరకండి. పాపని బడిలో దింపి, కూరలు తీసుకుని తొమ్మిదిన్నరకల్లా వచ్చేశాను. తలుపు దగ్గరగా వేసుంది. మావయ్యగారు లేరు."

"అరుపులేమైనా విన్నామని పక్కింటివాళ్లు చెప్పారా?"

"లేదండి. ఆయనెవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నట్టు వినిపించిందట."

"ఏం పోయాయి ఇంట్లోంచి?"

"ఏమీ పోలేదండి. ఆయన శాలువా, కళ్లద్దాలు, మాత్రల డబ్బా... అంతే." రుమాలుతో ముక్కు తుడుచుకుంది. "ఆయనకి గుండె జబ్బండి. మధ్యాహ్నం మాత్ర తప్పితే సాయంత్రానికి మనిషి మనిషిలా ఉండరు. పోయిన నెల ఒక్కరోజు మర్చిపోతే ఆసుపత్రిలో పెట్టాల్సొచ్చింది."

గోడ గడియారం నాలుగు దాటింది. డిటెక్టివ్ దానివైపు ఒకసారి చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

"చంపడానికి తీసుకెళ్లేవాడు శాలువా తీసుకెళ్లడు," అన్నాడు. "ఆయన కూర్చునే చోటు చూపించండి."

కిటికీ పక్కన పెద్ద వాలుకుర్చీ ఉంది. దాని ముందు చిన్న బల్ల, బల్ల అవతల వచ్చినవాళ్ల కోసం ఒక కుర్చీ ఉండాలి. తివాచీ మీద నాలుగు కాళ్ల గుంటలు ఏళ్ల తరబడి అక్కడే పడి ఉన్నాయి. కుర్చీ మాత్రం ఆ గుంటల్లో లేదు. వాలుకుర్చీ చేతికి ఆనుకునేలా పక్కకి లాగి ఉంది.

డిటెక్టివ్ మోకాళ్ల మీద కూర్చుని తివాచీ నూగు వేలితో నిమిరాడు. లాగిన గీత కొత్తది.

"ఈ కుర్చీ ఎవరు జరిపారు?"

"నేను కాదండి."

బల్ల మీద నీళ్ల గ్లాసు ఉంది. దాని మీద సాసరు బోర్లించి ఉంది.

"ఇది?"

కోడలు దగ్గరికొచ్చి చూసింది. "మా ఇంట్లో గ్లాసు మీద ఎవరం ఏదీ మూత పెట్టమండి. మావయ్యగారైతే సీసాతోనే ఎత్తి తాగుతారు."

డిటెక్టివ్ లేవలేదు. తొమ్మిదేళ్ల కిందటి ఆసుపత్రి వసారా అతని కళ్ల ముందు నిలిచింది. లోపల భార్య మీద తెల్లటి గుడ్డ కప్పేశారు. అతను బెంచీ చివర కూర్చున్నాడు. ఎవరో ఒక సన్నటి మనిషి స్టూలు ఈడ్చుకుంటూ వచ్చి, ఎదురుగా కాకుండా పక్కన వేసుకుని కూర్చున్నాడు. సాసరు మూసిన గ్లాసు అతని చేతిలో పెట్టాడు. ముందు కాస్త మంచినీళ్లు తాగండి, అన్నాడు.

ఆ మనిషిని వెన్న అంటారు. పిడుగుకి సహాయకుడు. వాళ్లిద్దరి పనితనం అందరికీ తెలిసిందే. పిడుగు పడతాడు, బల్ల గుద్దుతాడు, లేచి వెళ్లిపోతాడు. అవతలివాళ్లు కుతకుతలాడుతుంటే వెన్న వెనకాలే వచ్చి, పక్కన చేరి, నీళ్లిచ్చి, నవ్వి, సంతకం పెట్టించుకుని పోతాడు. కోపంగా ఉన్నవాడి ఎదురుగా కూర్చోకూడదన్నది వెన్న మొదటి పాఠం.

"రికార్డులు వినాలి," అన్నాడు డిటెక్టివ్ లేస్తూ.

లోపలి గదిలో ఇన్‌స్పెక్టరు ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది. గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్న గొంతు వినిపించింది.

"పిడుగు గారూ, డాక్టరు గారు నా దగ్గరున్నారు. గంట ఆగుతాను. నేనడిగేది ఒక్కటేనండి. ఆ రోజు మీరు..."

అక్కడ పిడుగు విరుచుకుపడ్డాడు. ఎవడ్రా నువ్వు, ఎవరితో మాట్లాడుతున్నావు, తోలు వలిచేస్తా అంటూ ఊపిరాడకుండా అరిచాడు. అవతలి గొంతు ఆ అరుపు పూర్తయ్యేదాకా ఆగింది. "సరే సరే. ముందు కాస్త మంచినీళ్లు తాగండి. మూడు గంటలు ఆగుతాను." తర్వాత ఇంకొంచెం మెల్లగా, "చలేస్తోందంటున్నారు డాక్టరు గారు. శాలువా తీసేశాను."

రెండోది. "అది కాదండీ, నేనడిగేది ఆ రోజు..." మళ్లీ అరుపు. "సరేనండి. సాయంత్రం దాకా." వెనక ముసలి దగ్గు వినిపించింది. "కళ్లద్దాలు కూడా తీసేశాను."

మూడోది. "పిడుగు గారూ..." అంతే. మిగతాదంతా అరుపే. అది అయ్యాక, "మీ ఇష్టం. చీకటి పడేదాకా ఆగుతాను. మధ్యాహ్నం మాత్ర వెయ్యలేదు." ఈసారి వెనక దగ్గు లేదు.

ఇన్‌స్పెక్టరు పెదవి కొరుక్కుంది. "ఆ చివరి ముక్కలు ఆయన మాకు చెప్పలేదు. గడువు పెరిగిందనే చెప్పాడు."

"గడువు పెరిగింది. మనిషి తరిగాడు," అన్నాడు డిటెక్టివ్. "మా ఊరి బళ్లో ఒక మాస్టారుండేవారు. ఆయన అరిస్తే అందరం తలలు వంచేవాళ్లం. చిత్తం సార్, అనేవాళ్లం. మర్నాడు ఆయన సైకిల్లో గాలి ఉండేది కాదు. కోప్పడితే నోరు లొంగుతుందమ్మా. చేతులు ఊరుకోవు."

"వాడేదో అడగబోతున్నాడు. మూడుసార్లూ అడగలేకపోయాడు."

"అడగనివ్వలేదు. నంబరు దొరికిందా?"

"ప్రతిసారీ కొత్త నంబరు. ఆచూకీ తెలిసేలోపలే కట్ చేసేస్తున్నాడు."

ముందుగదిలో పిడుగు కాఫీ తాగుతున్నాడు. డిటెక్టివ్ వచ్చి అతని పక్కన కాదు, సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు.

"వాడు అడిగేది ఏమిటో వినకముందే మీకు కోపం ఎలా వచ్చింది?"

"ఏంటయ్యా?"

"ఎవరికైనా అవతలివాడు అడిగింది నచ్చకపోతే కోపం వస్తుంది. మీకు 'ఆ రోజు' అనగానే వచ్చింది. మూడోసారి మీ పేరు పిలవగానే వచ్చింది."

"చూడు, నీకు నా మీద పాత కక్ష." పిడుగు ఇన్‌స్పెక్టరుకి వినిపించేలా గొంతు పెంచాడు. "పెళ్లాం పోయిన దగ్గర్నుంచీ ఊరూరా నా పేరు పెట్టి ఏడుస్తున్నావు. అక్కడ ఒక ముసలాయన ప్రాణం గాల్లో ఉంది. ఇక్కడ నీ ఏడుపు వినే తీరిక నాకు లేదు."

డిటెక్టివ్ ముందుకు వంగాడు. "వెన్న ఎక్కడ?"

"సెలవులో ఉన్నాడు. వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదు."

ఇన్‌స్పెక్టరు తలెత్తింది. "వాళ్లమ్మ పోయి రెండేళ్లయింది కదండీ. దినానికి మనిద్దరం ఒకే కారులో వెళ్లొచ్చాం."

పిడుగు కాఫీ కప్పు దింపాడు. కోడలు ఒక్కొక్కరి ముఖం చూస్తూ గుమ్మానికి ఆనుకుంది.

"నీళ్లు తాగండి అన్నప్పుడే వాడు వెన్నేనని మీకు తెలిసిపోయింది," అన్నాడు డిటెక్టివ్. "పాపం, పాతికేళ్ల అలవాటు. బెదిరించడానికి ఫోన్ చేసి కూడా, మీరు అరిస్తే చల్లబరచకుండా ఉండలేకపోయాడు. వాడెవరో తెలిసే అరుస్తున్నారు. వాడు దడిచి లొంగాలని కాదు, వాడి మాట బయటికి రాకూడదని. ఈ లోపల డాక్టరు పోతే ఆ రోజు సంగతి తెలిసినవాళ్లలో ఒకరు తగ్గుతారు."

"నోర్ముయ్!"

అప్పుడే ఫోను మోగింది. పిడుగు చెయ్యి చాచాడు. అతనికంటే ముందు డిటెక్టివ్ దాన్ని అందుకుని, అందరికీ వినిపించేలా బల్ల మీద పెట్టాడు. నోరు విప్పలేదు.

"పిడుగు గారూ..." గొంతు ఆగింది. అలవాటుగా దెబ్బ కోసం ఎదురుచూసినట్టుంది. "ఏంటి, ఎవరూ అరవడం లేదు?"

"ఆయన అరవడు. నేను వింటున్నాను. చెప్పు బాబూ."

అవతల గుడ్డ తీసేసిన చప్పుడు. "మీరా? ఆ రోజు వసారాలో మీకు నీళ్లిచ్చాను."

"తాగాను."

"తాగలేదండీ. చేతిలో పట్టుకుని కూర్చున్నారు."

"అవును. తాగలేదు. చెప్పు."

వెన్న చెప్పాడు. మధ్యలో ఎవరూ అడ్డు రాకపోవడంతో తడబడ్డాడు, వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. అంబులెన్సు డ్రైవర్లు ఆ రోజు అడిగింది జీతం కాదు, నిద్ర. రాత్రి బండి నడిపినవాణ్ణి పొద్దున మళ్లీ ఎక్కించొద్దన్నారు. మాటలు కుదిరేలా ఉన్నాయి. అంతలో పిడుగు కుర్చీ తన్ని లేచిపోయాడు. డ్రైవర్లు తాళాలు గేటుకి తగిలించి ఇళ్లకి పోయారు. ఆ రోజు పిలిచినవాళ్లకి బండి రాలేదు. ఎప్పట్లా వాళ్ల వెనకాల తను వెళ్లలేదు. వెళ్లుంటే తిరిగొచ్చేవాళ్లని తొమ్మిదేళ్లు తనను తానే తిట్టుకున్నాడు.

"పోయిన నెల డాక్టరు గారి పదవీ విరమణ విందులో, ఆయన నా భుజం తట్టి నవ్వారండి. ఆ రోజు మీవాడి నటన అదిరిందయ్యా, అన్నారు. నటన! ఎందుకో ఆయన్నడిగాను, చెప్పలేదు. పిడుగు గారినడిగాను, గట్టిగా అరిచాడు. అందుకే ఇలా అడుగుతున్నాను. ఆయన టీవీ కెమెరా ముందు కూర్చుని ఆ రోజు ఎందుకు లేచాడో చెప్పాలి."

"టీవీలో చెప్పడు. చెబుతాడని కూర్చుంటే డాక్టరు పోతాడు. నువ్వు హంతకుడివవుతావు. ఎవరికి తెలియాలి ఆ నిజం? ఆ రోజు మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లకి. అందులో నేనొకణ్ణి. నాకు చెబితే చాలా?"

ఫోన్లోంచి ఎవరో కష్టం మీద ఊపిరి పీలుస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. కోడలు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చాలు," అన్నాడు వెన్న చివరికి. "కానీ పిడుగు గారి నోటితోనే రావాలి. అరవకుండా. నేను వింటుండగా. ఇంకాసేపట్లో మళ్లీ చేస్తాను. మాత్ర నా చేతిలోనే ఉందండి. ఆలస్యమైతే డాక్టరు గారు మింగలేరు."

ఫోను ఆగిపోయింది.

"పిచ్చివాడి కూతలు!" పిడుగు లేచి పక్కనున్న కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. అది బల్లకి తగిలి బోర్లా పడింది. కోడలు ఉలిక్కిపడింది.

డిటెక్టివ్ కుర్చీని చూడలేదు, పిడుగు చేతిని చూశాడు. తన్నేముందు ఆ చెయ్యి బల్ల అంచున ఉన్న సొంత ఫోను తీసి జేబులో వేసుకుంది. కాఫీ కప్పు గోడ వైపు జరిపింది. నిజంగా ఒళ్లు మండినవాడు కప్పు జాగ్రత్త చేసుకోడు.

"మీరంతా కాసేపు బయటికి వెళ్లండి," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. "రికార్డరు ఆపెయ్యండి."

"రూలు ఒప్పుకోదండీ."

"మనిషి దక్కాలా, రూలు దక్కాలా?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. రికార్డరు ఆపి, కోడలి భుజం పట్టుకుని బయటికి నడిపించింది. తలుపు మూసుకుంది.

ఇద్దరే మిగిలారు. చూసేవాళ్లు లేకపోయేసరికి పిడుగు ముఖం మీది కోపం, గుడ్డతో తుడిచినట్టు పోయింది. పడేసిన కుర్చీని తనే లేవనెత్తి అందులో కూర్చున్నాడు. అతని అసలు గొంతు చాలా చిన్నది.

"చెబితే నా బతుకేం కావాలి?"

డిటెక్టివ్ పిడికిలి బిగుసుకుంది. తొమ్మిదేళ్లుగా తిండికన్నా ఎక్కువగా నమ్ముకున్న కోపం గొంతుదాకా వచ్చింది. ఆ రోజు పక్కింటివాళ్ల వ్యాను కోసం పరిగెత్తింది గుర్తొచ్చింది. వస్తుంది, బండి వస్తుంది అని ఆమె అతనికే ధైర్యం చెప్పింది గుర్తొచ్చింది. ఇప్పుడు అరవొచ్చు. కొట్టినా అడిగేవాడు లేడు. కానీ అరుపు ఈ మనిషికి సొంత ఇల్లు. పిడుగింటికి పోయి ఉరిమితే ఒరిగేదేమీ లేదు. అక్కడ ఒక మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, ఇక్కడ గదిలో ఇద్దరు కూర్చుని ఎవరి లెక్క వాళ్లు చూసుకోవడం తన కళ్ల ముందే మళ్లీ జరుగుతోంది.

అతను పిడికిలి విప్పాడు.

"నీకు కావాల్సింది ఇస్తాను," అన్నాడు. అంతవరకూ ఉన్న మీరు అన్న మాట పోయింది. "ఫోన్లో నిజం చెప్పు. నేను వింటాను. ఆ తర్వాత ఆ సంగతి నా నోట రాదు. కోర్టులో రాదు, పేపర్లో రాదు. నీ మీద ఇన్నేళ్లూ చెప్పింది కూడా ఇక చెప్పను."

"నువ్వా? నమ్మమంటావా?"

"తొమ్మిదేళ్లు ఒక్క మాట మీద ఉన్నవాణ్ణి. ఇంకో మాట మీద కూడా ఉండగలను."

పిడుగు లెక్క వేసుకుంటున్నాడు. "వెన్న చెబితే?"

"వాడు మనిషిని ఎత్తుకుపోయినవాడు. వాడి మాట నిలబడాలంటే నా సాక్ష్యం కావాలి. అది ఉండదు."

ఆ మాట అంటుంటే నాలుక చేదెక్కింది. ఆ రోజు మొత్తం ఆసుపత్రిలో తనకి నీళ్లిచ్చిన మనిషి వెన్న ఒక్కడే.

ఫోను మోగింది.

పిడుగు అరవలేదు. బల్ల వైపు చూస్తూ, కూరగాయల ధరలు చెబుతున్నట్టు చెప్పాడు.

"ఆ రోజు నాకు కోపం రాలేదు. పొద్దున్నే డాక్టరు పిలిచాడు. మాటలు తెగిపోవాలన్నాడు. బళ్లు తన బావమరిది కంపెనీకి అప్పజెప్పాలని ఆయన ప్లాను. తనే డ్రైవర్లని తీసేస్తే గొడవవుతుంది. వాళ్లే అవమానపడి లేచిపోతే తప్పు వాళ్లదవుతుంది. అందుకే కుర్చీ తన్నాను. వెన్న వెనకాల వెళ్లబోతే చెయ్యి పట్టుకుని ఆపాను."

"వాళ్లు తాళాలు వదిలేసి పోతే ఏమవుతుందో తెలుసా?" అని అడిగాడు డిటెక్టివ్.

"ఒక పూట ఇబ్బంది అనుకున్నాం."

"కొంచెం కూడా కోపం లేదా?"

"లేదు. ఆ మధ్యాహ్నం భోజనం కూడా బాగానే చేశాను."

ఫోన్లో వెన్న ఏడుస్తున్నాడు. చప్పుడు రాకుండా ఏడవడం అతనికి చాతకాలేదు. కాసేపటికి గొంతు సర్దుకున్నాడు.

"విన్నారు కదండీ. చేయించింది ఇదిగో, నా పక్కనున్న ఈ పెద్దమనిషి. మాత్ర నా అరచేతిలో ఉంది. ఇప్పుడు మీరు చెప్పండి. మీరెలా అంటే అలా చేస్తాను. వెయ్యనా, వద్దా?"

పిడుగు తలెత్తి డిటెక్టివ్ వైపు చూశాడు. బేరం ఆడేవాడి కళ్లవి. ఏ జవాబు వచ్చినా తనకి నష్టం లేదని వాటికి తెలుసు.

గోడ గడియారం చప్పుడు గదంతా నిండింది. బయట కోడలు ఎవరినో ఏదో అడుగుతోంది. డిటెక్టివ్ తలుపు వైపు చూశాడు.

"వెయ్యి," అన్నాడు. "నాలుక కింద పెట్టు. తల ఎత్తి పట్టుకో. ఎక్కడున్నావు?"

"ఆ రోజు మాట్లాడుకున్న గదిలోనే. ఆసుపత్రి వెనక, పాత సామాన్లు పడేసిన చోట. తలుపు తీసే ఉందండి."

చీకటి పడకముందే పెద్ద డాక్టర్ని ఆ గదిలోంచి ఆసుపత్రిలోకి మంచం మీద మోసుకొచ్చారు. ముఖం పాలిపోయి ఉంది, కానీ కళ్లు తెరిచాడు. కోడలు ఆయన కాళ్ల మీద పడి ఏడ్చింది. వెన్న చేతులు ముందుకు చాచి తనే పోలీసు వ్యానెక్కాడు. ఎక్కుతూ డిటెక్టివ్ వైపు చూశాడు. నాకోసం ఒక్క మాట చెబుతారు కదూ, అన్నట్టుంది ఆ చూపు. డిటెక్టివ్ తల తిప్పుకున్నాడు.

తొమ్మిదేళ్లుగా చెప్పిన మాట తప్పని తేలింది. కోపం కాదు. కోపమైతే, ఒళ్లు తెలియక చేశాడని ఏనాటికైనా అనుకోగలిగేవాడు. ఒళ్లు తెలిసే చేశాడు, కడుపు నిండా తిన్నాడు. ఇంత తెలిశాక, ఇచ్చిన మాట వల్ల చెప్పుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

ఆసుపత్రి గేటు దగ్గర విలేకర్లు మూగారు. మధ్యలో పిడుగు. "ఒక్క కేక వేశానండి. అంతే. వాళ్లకి వేరే భాష అర్థం కాదు," అంటున్నాడు. అందరూ నవ్వారు.

ఇన్‌స్పెక్టరు డిటెక్టివ్ పక్కకి వచ్చింది. "తలుపు మూసుకుని ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియాలండీ. రిపోర్టు రాయాలి."

"ఆయన చెప్పిందే రాసుకోండి."

ఒక విలేకరి అతన్ని గుర్తుపట్టి మైకు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "సార్, సార్! ఈయన కోపం వల్లే మీ ఆవిడ పోయారని మీరు అన్నిచోట్లా చెబుతారు కదా. అదే కోపం ఇవాళ ఒక ప్రాణం కాపాడింది. ఇప్పుడేమంటారు?"

నవ్వు ఆగింది. గేటు దగ్గర పిడుగు కూడా ఇటే చూస్తున్నాడు.

"ఆ సంగతి నన్నడగొద్దు," అన్నాడు డిటెక్టివ్.

"ఈ ఒక్కసారికి సార్..."

"ఈ ఒక్కసారే కాదు. ఇంకెప్పుడూ చెప్పను. నువ్వూ అడగకు, ఎవరూ అడగొద్దు."

మైకుని చేత్తో పక్కకి నెట్టి, జనం మధ్యలోంచి నడుచుకుంటూ పోయాడు.